నలభై నిమిషాల గోపాలపురం: పూరీ బస్సుల వారికి బహిరంగ లేఖ

ఉత్తరాంధ్ర నుంచి పూరీ, కోణార్క్, చిలికా యాత్రలు నడిపే టూరిస్టు బస్సుల యజమానులకు, మేనేజర్లకు, ముందు సీట్లో కూర్చుని మైకు పట్టుకునే అన్నలకు,

నమస్కారం.

నేను ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం వాణ్ణి. పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో రెండూ కలిసిన మూడో భాష మాట్లాడుతూ అరవై రెండేళ్లు గడిపాను. మీ బస్సులు మా ఊరి మీదుగానే పోతాయి. అద్దం మీద పూరీ, కోణార్క్, భువనేశ్వర్, చిలికా అని పెద్ద అక్షరాలుంటాయి. వాటి కింద చోటు మిగిలితే 'గోపాల్‌పూర్ బీచ్' అని చిన్నగా ఇరికిస్తారు, ఉల్లిపాయలు తూచాక పైన కొసరు వేసినట్టు. ఆ కొసరు గురించే, మేం గోపాలపురం అని పిలిచే ఆ ఊరి గురించే ఈ ఉత్తరం.

మొన్న మాఘమాసంలో మా పెద్దవదిన శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి ఇలాంటి బస్సులో పూరీకి బయల్దేరింది. "బరంపురంలో నువ్వూ ఎక్కు బాబూ, జగన్నాథుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో" అంటే నేనూ ఎక్కాను. ఆ బస్సు ఎవరిదో చెప్పను. చెప్పి లాభం లేదు కూడా, అన్ని బస్సులూ చేసేది అదే. హైవే దిగి, పదహారు కిలోమీటర్లు లోపలికి వెళ్లి, పట్టపగలు పదకొండున్నర దాటాక గోపాలపురంలో ఆగాం. మైకులో అన్న ఇలా అన్నాడు: "ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదండీ. సముద్రమే. మన ఊళ్లో ఉన్నదే. నలభై నిమిషాలు. పులిహోర తిని, ఫొటోలు దిగి వచ్చేయండి."

వదిన పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఇసక దాకా నడిచింది. అక్కడ ఒడ్డు మీద పాత ఇటుక గోడ ఒకటి నిలబడి ఉంది. పైకప్పు లేదు, కిటికీ లేదు, గోడ మాత్రం ఉంది. దాన్ని చేత్తో తడిమి, "ఇదేటి బాబూ, కూల్చేసినారా, కూలిపోయిందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా మీ హారన్ మోగింది.

ఆ ప్రశ్నకు జవాబు నలభై నిమిషాల్లో చెప్పలేం. బస్సులో చెబుదామంటే పాటలు పెట్టేశారు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. వదినకు తరవాత చెప్పాను లెండి, ఇది మీకోసం.

కంపెనీ కాలం నుంచి గోపాలపురం ఒక రేవు. రేవు అంటే ఓడ ఒడ్డుకు ఆనుకుని నిలబడే చోటు అనుకునేరు. ఇక్కడ అలాంటి చోటు లేదు. తీరం ఏటవాలుగా ఉంటుంది, అలలు వరసగా విరుగుతాయి. ఓడలు దూరంగా లంగరు వేస్తే, బియ్యం బస్తాలనీ మనుషులనీ పడవల మీద ఆ అలలు దాటించి తీసుకెళ్లేవారు. ఆ పడవలకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవని అల ఎత్తి ఇసక మీద వేస్తే పలక చీలిపోతుంది. కుట్టిన పడవ ఒంగి, మళ్లీ సర్దుకుంటుంది. వాటిని నడిపినవాళ్లు మనవాళ్లే, చేపలు పట్టే వాడబలిజలు. ఒడియావాళ్లు వాళ్లని నోలియాలంటారు. ఇప్పటికీ ఇళ్లలో తెలుగే. మీరు పూరీలో ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకుని దాటిపోయే పెంఠకటా బస్తీలో కూడా తెలుగే వినపడుతుంది, ఈసారి అద్దం దించి చూడండి.

ఆ పడవలెక్కి ఓడకి చేరినవాళ్లు ఎక్కడికి పోయేవారో మీలో పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. రంగం. అదే రంగూను. కళింగపట్నం, బారువ, గోపాలపురం, ఏ రేవు దగ్గరైతే ఆ రేవు నుంచి కూలికి పోయేవారు. మా తాతగారి అన్న అలా పోయినవాడే. బియ్యం మిల్లులో పనికి కుదిరాడని ఒక కార్డు వచ్చింది, ఆ తరవాత కార్డు రాలేదు. పోస్టాఫీసులో చేరిన కొత్తలో, పాత బీరువాల్లో ఎక్కడైనా ఆయన పేరున్న ఉత్తరం చిక్కుకుని ఉందేమో అని వెతికాను. నవ్వకండి, ఇరవై రెండేళ్ల వయసులో అలాంటివి చేస్తాం.

రైలు వచ్చాక సరుకు చాలామటుకు రైలెక్కింది. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబరులో జపాను వాళ్లు రంగూను మీద బాంబులు వేశారు, 1942లో లక్షల మంది మనవాళ్లు కొండలూ అడవులూ నడిచి ఇటు వచ్చారు. ఆ తరవాత గోపాలపురానికి రేవుగా పని లేకపోయింది. గిడ్డంగులకు తాళాలు వేశారు. వేసిన తాళాల్ని ఉప్పుగాలి తినేసింది. ఆ తరవాత గాలివానలు ఒక్కో ఏడు ఒక్కో గోడ పట్టుకెళ్లాయి. వదిన ప్రశ్నకి జవాబు అదీ. కూల్చలేదు, ఊరికే కూలిపోనూ లేదు. ముందు మనుషులు వదిలేశారు, మిగిలిన పని గాలి చూసుకుంది.

(గోపాలపురానికి ఇంకో రేవు ఉంది. ఊరికి ఉత్తరాన ఆర్యపల్లి వైపు, క్రేన్లు కనపడతాయే, అది. 1987లో మొదలైంది. దాని కథ వేరు, ఇక్కడ దానితో పని లేదు.)

పూరీ యాత్ర అయింది. దర్శనం బాగా జరిగింది, ఆ విషయంలో మీకు వంక పెట్టను. కానీ తిరిగి బరంపురం వచ్చాక వదిన ఇంటికి పోనంది. "ఆ గోడ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లు" అంది. పది రోజులు మా ఇంట్లోనే ఉండి, అప్పడాలు కొని, ఊరగాయలు కొని, కూతురికి కుంభం అంచు బరంపురం పట్టుచీర ఒకటి బేరమాడి, చివరికి ఒక మంగళవారం నాతో టౌను బస్సెక్కింది. ఒక రాత్రి ఉన్నాం. ఆ రాత్రి గురించి చెబుతాను, వినండి, ఎందుకంటే మీరు అమ్ముకోగలిగిన సరుకు అందులో ఉంది.

సాయంత్రం నాలుగున్నరకి మీ బస్సులేవీ లేవు. ఊరు ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఏడు వేల పైచిలుకు మనుషులు, అంతే. ఒడ్డున ఒక వీధి, దానికి అడ్డంగా నాలుగు సందులు, లైట్‌హౌస్, మూతపడిన బంగళాలు. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు కట్టించిన హోటల్ ఇంకా నడుస్తోంది, చేతులు మారి, పేర్లు మారి. మా జేబుకి అది అందదు. మేం దిగిన లాడ్జిలో కిటికీ ఊచలు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. వదిన ఒక పొర గోటితో తీసి చూసి, "మా ఇంటి గ్రిల్లూ ఇంతే" అంది. కవిటి కూడా సముద్రానికి దగ్గరే కదా.

ఒడ్డున ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చెక్క సూదితో కన్ను కన్నూ అల్లుతున్నాడు. వదిన పక్కన కూలబడి, "ఏ ఊరు తాతా మీది?" అంది. ఆయన తల ఎత్తకుండానే, "ఈ ఊరే తల్లీ. మా తాతలు సోంపేట కాడినుంచి వొచ్చినారు" అన్నాడు. ఇక చూసుకోండి. సోంపేట అనగానే వదినకి ముగ్గురు వియ్యాలవారు గుర్తొచ్చారు, అందులో ఒకరి ఊరు ఆయనకి తెలుసు. చుట్టరికం కలవలేదు గానీ, కలిసినంత పనయింది. నేను టీ తేవడానికి పోయి వచ్చేసరికి ఇద్దరూ గాలివాన దగ్గరికి వచ్చేశారు.

ఈ తీరాన మనుషుల్ని కూర్చోబెడితే మాట అక్కడికే వస్తుంది. 1999 అంటే లోకానికి తెలిసింది అక్టోబరు 29, పారాదీప్ వైపు వచ్చిన పెను తుపాను, దాదాపు పదివేల మంది పోయిన తుపాను. మా గంజాం వాళ్లకి 1999 అంటే దానికి పది, పన్నెండు రోజుల ముందు, 17–18 తేదీల్లో గోపాలపురం మీద దిగిన మరో తుపాను. మా పైకప్పులు పోయాయని పేపర్లు రాయడం మొదలుపెట్టాయో లేదో రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసింది. తాత ఆ మాటే అన్నాడు. "మా గాలిని ఆ పెద్దగాలి మింగేసినాది. మాది ఎవురికీ గేపకం లేదు."

తరవాత 2013 అక్టోబరు 12. దసరా రోజులు. రాత్రి తొమ్మిది గంటల వేళ పైలిన్ ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. గంటకి రెండు వందల కిలోమీటర్ల గాలి. నేను బరంపురంలో మంచం కింద ఉన్నాను, ఏ సిగ్గూ లేకుండా చెబుతున్నాను. తాత పొద్దున్నే షెల్టరుకి చేరాడు. చేరాడు అనడం కన్నా చేర్చారు అనాలి, వల వదిలి రానని పేచీ పెడితే ఇద్దరు చంకలు పట్టుకుని బస్సెక్కించారట. ఆ రెండు రోజుల్లో ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని అలా తరలించారు. 1999లో వేలల్లో పోయిన చోట పైలిన్‌లో పోయినవాళ్లు యాభై లోపే. గాలిలో తేడా ఉన్నా, అసలు తేడా అంతా ఆ బస్సులదీ, ఆ షెల్టర్లదీ. 1999 దెబ్బ తిన్నాకే ఒడిశా విపత్తుల కోసం వేరే సంస్థ పెట్టుకుంది, ఒడ్డు పొడుగునా స్తంభాల మీద నిలబడే షెల్టర్లు కట్టింది, సైరన్లు పెట్టింది. మీరు రోడ్డు పక్కన చూసి 'స్కూలేమో' అనుకునే ఆ ఎత్తు మేడలు అవే.

ఇక్కడ తాత చెప్పిన మాట ఆయన నోటితోనే వినాలి.

"ముందు ఈశాన్నెం నుంచి కొట్టినాది తల్లీ. కొట్టి కొట్టి ఒక్కపాలి ఊరుకున్నాది. ఆకు కదల్లేదు. కుర్రోళ్లు అయిపోనాది అనుకుని, పడవలు సూసొస్తామని లెగిసినారు. నాను తలుపుకి అడ్డంగా కూకున్నాను. అయిపోడం కాదురా, తిరగడం, అన్నాను. మా అయ్య సెప్పినాడు నాకు. అన్నట్టే తిరిగినాది. ఈపాలి నైరుతి. మొదటి గాలికి వొరిగిన గోడలు రెండో గాలికి పడ్డాయి."

తుపాను కన్ను నెత్తిమీదుగా పోవడం అంటే అదే. చుట్టూ తిరిగే గాలి కదా, ఒక అంచు ఒక దిక్కు నుంచి కొడితే, నడుమ నిశ్శబ్దం దాటాక అవతలి అంచు ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి బయటికి వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటారు. తాత ఏ బడికీ పోలేదు, ఆయన అయ్య కూడా పోలేదు.

వదిన ఊరుకుంటుందా. పైలిన్ గాలి వదిన వాళ్ల కవిటి వైపు ఉద్దానాన్నీ వదల్లేదు. "మాకు నీళ్లు రాలేదు తాతా, గాలే వొచ్చింది" అంది. ఆయన నవ్వాడు. "మీరు దక్షిణాన ఉన్నారు మరి. మీకు గాలి నేల మీంచి సముద్రంలోకి పోద్ది. మాకు, మా పైనున్నోళ్లకి సముద్రం మీంచి నేల మీదకి వొస్తాది. నీళ్లని తోసుకొచ్చేది అదే." తీరం దాటిన చోటికి ఉత్తరాన ఉప్పెన ఎక్కువ అని వాతావరణ శాఖ వాళ్లు టీవీలో చెప్పేది ఇదే ముక్క. మా వదినకి టీవీలో వింటే ఎక్కలేదు, ఇసక మీద వేలితో గుండ్రం గీసి చూపిస్తే ఎక్కింది.

పైలిన్ అనేది థాయ్‌లాండ్ వాళ్లు పెట్టిన పేరు, నీలమణి అని అర్థం అన్నాను నేను, నాకు తెలిసింది నేనూ చెప్పాలిగా. వదిన వెంటనే, "నీలం అందరికీ అచ్చిరాదు బాబూ, జాతకం చూసుకుని పెట్టుకోవాలి" అంది. తాత వల పక్కన పెట్టి మరీ నవ్వాడు.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. మీలో విశాఖవాళ్లకి దాని గురించి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దిగింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. వదిన వాళ్ల తోటలో అరవై ఎనిమిది కొబ్బరి చెట్లుంటే పదకొండు మిగిలాయి. ఆ లెక్క ఆవిడ ఎవరికీ చెప్పదు. అన్నయ్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ పదకొండు చెట్ల మాట వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ సాయంత్రం గోపాలపురం ఒడ్డున తాతకి చెప్పింది. ఆయన ఓదార్చలేదు. "మా పడవ మాకు మర్రోజు దొరికినాది, సరుగుడు తోపులో. సగం. రెండో సగం ఎక్కడో గంగకే తెలుసు" అన్నాడు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను చల్లారిన టీ తాగుతూ అలల వంక చూశాను.

ఈ ముక్క కోసమే ఇంత పెద్ద ఉత్తరం. శ్రీకాకుళం నుంచో, పలాస నుంచో, కవిటి నుంచో మీరు తీసుకొచ్చే యాత్రికులు గోపాలపురానికి పరాయివాళ్లు కాదు. అదే గాలి అటూ ఇటూ కొట్టింది. గిరిసోల దగ్గర మీరు దాటే సరిహద్దు చెక్‌పోస్టు దానికి తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మేమంతా ఒకే గంజాం జిల్లా. మనుషులు ఒకరినొకరు 'మీకెంత పోయింది' అని అడగగలిగే చోటు ఇది, తెలుగులోనే. అలాంటి చోట వాళ్లని దింపి, చూడ్డానికి ఏమీ లేదు అని మైకులో చెబుతారా?

ఇప్పుడు నా కోరికలు. వరస పెట్టి చెప్పడం నాకు రాదు, గుర్తొచ్చినట్టు చెబుతాను.

ఒక రాత్రి ఇవ్వండి. నాలుగు రోజుల యాత్రని నాలుగున్నర చెయ్యండి, లేదా భువనేశ్వర్‌లో షాపింగు కోసం పెట్టే ఆ సగం రోజు తగ్గించండి. ఒక రాత్రి కుదరకపోతే ఒక సాయంత్రమైనా. మధ్యాహ్నం పన్నెండింటికి ఏ సముద్రం చూసినా కళ్లు చికిలించుకోవడమే. సాయంత్రం అయితే లైట్‌హౌస్ ఎక్కవచ్చు. పైనుంచి చూస్తే ఈ ఊరు ఇసకకీ వెనకున్న నీటి మడుగులకీ నడుమ ఎంత సన్నగా ఉందో కనపడుతుంది. గాలి వస్తే ఎటు పోవాలో కూడా అప్పుడు అర్థమవుతుంది, ఎటూ పోవడానికి లేదని.

మీ వంటవాణ్ణి ఆ పూట పడుకోనివ్వండి. మీ బస్సులో గ్యాసు పొయ్యి, బియ్యం, చింతపండు, అన్నీ వెంట వస్తాయని తెలుసు. మన పెద్దవాళ్లకి బయటి తిండి పడదని మీ వాదన. కానీ నలభై మంది దిగి, తెచ్చుకున్న పులిహోర తిని, తెచ్చుకున్న నీళ్లు తాగి, కాయితం ప్లేట్లు మాత్రం ఊరికి ఇచ్చి పోతే ఆ ఊరివాళ్లు మిమ్మల్ని చూసి ఎందుకు నవ్వాలి? అక్కడ పూటకూళ్ల లాంటి చిన్న హోటళ్లున్నాయి. శాకాహారులకి పప్పు, కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు దాల్మా దొరుకుతాయి. తినేవాళ్లకి నెత్తళ్ల వేపుడు, కనాగర్తల పులుసు. ముందురోజు ఫోను చేస్తే నలభై మందికీ వండుతారు.

నీళ్లలోకి దిగేముందు అక్కడి వాడబలిజ కుర్రాళ్లని అడగమనండి. విశాఖ బీచిలో ఆడుకున్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఒడ్డు ఏటవాలు, వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసకని లాగేస్తుంది. మోకాలి లోతు అనుకున్నది మరో అడుగుకి నడుము దాటుతుంది. అలలో ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆగాలో వాళ్లకి పడవ దింపడంతో వచ్చిన విద్య.

మొగలి పొదల్లోకి బస్సు వెనక్కి తిప్పకండి. ఆ రోజు మీ డ్రైవరు చేసిన పని అదే. అది పిచ్చి డొంక కాదు. గంజాం మొగలి పువ్వుకి భౌగోళిక గుర్తింపు ఉంది. మీ పెళ్లిళ్లలో బిర్యానీ మీద చల్లే ఆ కేవ్‌డా వాసన చాలామటుకు ఈ జిల్లా పొదల్లోంచి, రాగి డేగిశాల్లో మరిగి వస్తుంది. పువ్వు కోసేవాళ్లు తెల్లవారకముందే కోస్తారు, ఎండ పడితే వాసన పోతుందని. ఆ పొద వేళ్లు ఇసక తిన్నెని పట్టుకుని ఉంటాయి. తిన్నె ఉంటే ఉప్పెనకి అడ్డు, తిన్నె పోతే ఏముంది. పైలిన్‌కి ఎన్నో పొదలు పోయాయి, మళ్లీ లేచినవి ఇవి.

ఇక తాబేళ్లు. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. గోపాలపురానికి ఉత్తరాన రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోట, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025లో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. వాటికోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ నదీముఖం దగ్గర సముద్రంలో ఇరవై కిలోమీటర్ల లోపల వేట మానుకుంటున్నారు మనవాళ్లు. ఏడు నెలలు. ఆ ఖర్చు భరిస్తున్నది వలల మీద బతికే ఇళ్లు. మీలో కొందరు 'తాబేళ్ల స్పెషల్' అని రాత్రి బస్సులు పెడుతున్నట్టు విన్నాను. పెట్టండి, కానీ అటవీ శాఖ వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబెట్టండి. టార్చీలు, సెల్‌ఫోన్ లైట్లు జేబుల్లో పెట్టించండి. నలభై అయిదు, యాభై రోజుల తరవాత గుడ్లలోంచి వచ్చే పిల్లలు సముద్రం మీది వెలుతురు చూసుకుని నీళ్లవైపు నడుస్తాయి. మీ బస్సు హెడ్‌లైట్లు వేసి ఉంటే బస్సువైపు నడుస్తాయి.

అటు వెళ్తే పొడంపేట కూడా చూపించండి, కానీ దాన్ని తమాషాగా చూపించకండి. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా మనవాళ్ల ఊరని. సముద్రం ఇల్లు తరవాత ఇల్లు తీసుకుంటూ వస్తే ఊరు ఊరంతా వెనక్కి, కొత్త కాలనీకి జరిగింది. సగం గోడలు ఇసకలో ఉన్నాయి. ఆ గోడల ముందు సెల్ఫీలు దిగడానికి మీవాళ్లు ఎగబడతారు, నాకు తెలుసు, నేనూ పక్కన నిలబడి ఒకటి దిగాను. తరవాత ఆ ఇంట్లో ఒకప్పుడు ఉన్న ఆవిడ కొత్త కాలనీ నుంచి ఎండుచేపల తట్టతో వస్తూ కనపడింది. నా ఫోన్లోంచి ఆ ఫొటో చెరిపేశాను.

గోపాలపురం దగ్గరే బక్షిపల్లిలో వెంకటరాయిపూర్ అని ఒక చిన్న పల్లె ఉంది. సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామం అని 2020లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. దేశంలో మొదట ఆ గుర్తింపు వచ్చిన రెండు పల్లెల్లో ఇదొకటి, రెండోది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. సైరన్ మోగితే ఎవరు ఎవరిని ఎత్తుకుని ఏ దారిన పోవాలో వాళ్లు రాసుకున్నారు, సాధన చేస్తున్నారు. మన ఉద్దానం పల్లెల వాళ్లని ఒక గంట అక్కడ ఆపితే, పూరీలో ఒక ప్రసాదం పొట్లం తక్కువ కొన్నా నష్టం లేదు. ఈ మాట అన్నందుకు జగన్నాథుడు ఏమీ అనుకోడు, ఆయనా ఫణి గాలిని చూసినవాడే, 2019 మే 3న.

మీకు ఖర్చు పెరుగుతుందని అంటారు. తలకి నాలుగు వందలో అయిదు వందలో పెరగొచ్చు, నేను లాడ్జి వాడిని అడిగే చెబుతున్నాను. మా వదిన లాంటివాళ్లు ఇస్తారు. ఆవిడ ఆ రాత్రి లాడ్జి బాల్కనీలో కుర్చీ వేసుకుని పన్నెండు దాకా కూర్చుంది. లైట్‌హౌస్ వెలుగు తిరిగి తిరిగి వచ్చి నీళ్ల మీద పడుతోంది. ఊళ్లో ఎక్కడా చప్పుడు లేదు, అల తప్ప. "ఎంత నిమ్మళంగా ఉందో" అంది. కాసేపాగి, "తాత చెప్పిన ఆ మధ్యలో ఊరుకోవడం ఇలాగే ఉంటాదా బాబూ?" అని అడిగింది. పడుకో వదినా అన్నాను. నాకూ నిద్ర పట్టలేదు తరవాత.

తెల్లవారుతూనే తాత పడవ దింపారు. ఇప్పుడు కుట్టు పడవలు కావు, ఫైబరువి, మోటారు ఉంటుంది. అయినా అల దగ్గర ఆగడం పాత పద్ధతే. మూడు అలలు పోనిచ్చి, నాలుగోదాని వెనక ఒక్క తోపు. వదిన ఒడ్డున నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పడవ ముక్కు పైకి లేచి, ఒక్క క్షణం అలాగే నిలబడి, అవతల పడింది. "ఎల్లిపోనాడు" అని ఆవిడే గట్టిగా అరిచింది, పక్కన ఆ ఇంటి ఆడవాళ్లు నవ్వారు.

చివరిగా, మైకు అన్నలకి. మీ పని కష్టమైంది, నాకు తెలుసు. రోజంతా మాట్లాడాలి, ముసలివాళ్ల మందులు గుర్తుపెట్టుకోవాలి, ఎవరో ఒకరు ప్రతి చోటా తప్పిపోతారు. గోపాలపురం గురించి చెప్పడానికి మాటలు లేకపోతే నన్ను పిలవండి. బరంపురంలో బైపాసు దగ్గర ఎక్కుతాను, ముప్పావుగంట దారిలో రంగం ఓడల నుంచి పైలిన్ దాకా చెబుతాను, గోపాలపురంలో దిగిపోతాను. డబ్బులొద్దు. టీ ఇప్పించండి, నేను మాట్లాడుతున్నంతసేపూ పాటలు ఆపండి.

వదిన దసరాకి మళ్లీ వస్తానంది. అక్టోబరులో వద్దు వదినా, గాలుల కాలం అన్నాను. "మా ఊళ్లో మాత్రం గాలి రాదేటి?" అంది. టికెట్టు తీసేశాను. ఆవిడకి కిటికీ పక్క సీటు.

ఇట్లు,
బరంపురం నుంచి
ఒక రిటైర్డ్ పోస్టల్ గుమాస్తా